చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు

ఆంధ్రదేశ గ్రంథాలయ చరిత్రలో 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీ స్మరణీయమైన దినము. ఆనాడు బెజవాడలోని రామమోహన ధర్మగ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారిగా ఒక చోట సభ చేరిరి. ఆ సభను సమకూర్చుటకు ఊరూర తిరిగి శ్రమపడినవారు యువకులైన అయ్యంకి వేంకటరమణయ్యగారు. అధ్యక్షపీఠము నలంకరించినవారు రాజమహేంద్రవరమునుండి వచ్చిన నలువదియారేండ్ల పంతులుగారు. ఆ పంతులుగారికి బాల్యమునుండియు చూపు సరిగా లేదు. పొద్దు క్రుంకిన పిమ్మట అక్షరము కానరాదు. పుస్తకములను గూర్చిన మహాసభకు అట్టివారిని పెద్దగా నెన్నుకొనుటలో వింతయేమియు లేదు. అప్పటికే తెలుగువారు ఎక్కువగా చదివిన పుస్తకములలో కొన్ని ఆయన వ్రాసినవే. ఆయనయే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు.

చిలకమర్తివారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరి మండలములోని ఖండవల్లి గ్రామమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. తండ్రిగారి స్వగ్రామము వీరవాసరము. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టి అప్పటికి పదునైదేండ్లు. మన బెజవాడ ఆనకట్ట పూర్తియై పండ్రెండేండ్లు. రెండు నదుల నడుమ నున్న పల్లెలు కాలువ నీటితో క్రొత్తగా పచ్చబడుచుండెను. వరిపంట పెరుగుచుండెను, పడవలు తిరుగుచుండెను, ఇంగ్లీషు చదువు పట్టణములనుండి మెల్లగా పల్లెలకు వచ్చుచుండెను. భూమి యున్నవాని బ్రతుకు మారెను. భూమియు చదువును లేని బ్రాహ్మణుని బ్రతుకు మాత్రము పాత దారిలోనే యుండిపోయెను. తరువాతి కాలమున గణపతి నవలలో పంతులుగారు నవ్వుచు చిత్రించిన కుటుంబము అట్టి కుటుంబమే. ఆ లోకమును ఆయన పుస్తకములలో చూచి నేర్చినవారు కారు, చిన్ననాట ఇరుగుపొరుగున చూచి యెరిగినవారు.

బాల్యముననే ఆయనకు రేచీకటి పట్టెను. దీపము పెట్టిన తరువాత ఆయనకు పుస్తకమును లేదు, దారియు లేదు. పగలు బడిలో చూచినది, విన్నది మనస్సున నిలుపుకొనవలెను. రాత్రి తోడి విద్యార్థులు తమ పాఠములను బిగ్గరగా చదువుకొనుచుండగా ఆయన వారి ప్రక్కన కూర్చుండి వినెడివారు. మొగలితుర్రు, నరసాపురము, రాజమహేంద్రవరములలో ఆయన చదువు ఈ రీతిగనే సాగెను. వినినది మరువకుండుట ఆయనకు విద్య మాత్రమే కాదు, జీవనోపాయము. పిమ్మటి కాలమున ఆయన వాక్యము చెవికింపుగా నుండుటకు, ఆయన నాటకములలోని మాటలు నటుల నోట నిలుచుటకు ఈ అలవాటే కారణమని చెప్పవచ్చును. కన్నుతో వ్రాసినవాని వాక్యము వేరు, చెవితో వ్రాసినవాని వాక్యము వేరు. చిలకమర్తివారి గ్రంథములను ఏ పుటలోనైనను పైకి చదివి చూచినచో ఈ భేదము తెలియగలదు.

1889 నాటికి ఆయన రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులు. ఆ పట్టణము అప్పుడు వీరేశలింగము పంతులుగారి పట్టణము. వితంతు వివాహములు, ప్రహసనములు, పత్రికలు, వాదోపవాదములు, వెలివేతలు, వీనితో ఊరంతయు ఉడుకుచుండెను. అదే సమయమున ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఒక నాటకసమాజమును నడుపుచుండిరి. వారికి ఆడుటకు నాటకములు కావలెను. చిలకమర్తివారు ఆ సమాజమునకై 1889లో కీచకవధ వ్రాసియిచ్చిరి. అది జనులకు నచ్చెను. వెంటనే మరియొకటి, ఆపై మరియొకటి. ద్రౌపదీ పరిణయము, పారిజాతాపహరణము, నలచరిత్రము, సీతాకల్యాణము మొదలగునవన్నియు ఇట్లు పుట్టినవే. అన్నిటిలోను గయోపాఖ్యానము ప్రత్యేకమైనది.

గయోపాఖ్యానపు కథ పల్లెటూరి ముదుసలులకును తెలిసినదే. శ్రీకృష్ణుడు అర్ఘ్యమిచ్చుటకై దోసిలి పట్టియుండగా ఆకాశమార్గమున పోవు గయుడను గంధర్వుడు తెలియక యుమిసిన తమ్ము వచ్చి ఆ దోసిలిలో పడెను. వానిని వధింతునని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టెను. గయుడు ప్రాణభయమున అర్జునుని శరణు జొచ్చెను. ఎవరినుండి కాపాడవలెనో ఎరుగకయే అర్జునుడు అభయమిచ్చెను. తరువాత సంగతి తెలిసినను మాట తప్పరాదు. బావమరదులు ఆయుధములు పట్టి ఎదురెదురుగా నిలిచిరి. ఈ కథలో దుర్మార్గుడెవడును లేడు. ఇచ్చిన మాటను విడువలేని మంచివారిరువురు కలహించుటయే దీనిలోని బలము. ఊరిలో పొలము గట్టు దగ్గర, చెరువు నీటి దగ్గర, దాయాదుల నడుమ పంతము పట్టి తగవులాడుకొనువారు నిత్యము కనబడుదురు. వారిలో ఇద్దరును న్యాయవంతులే యగుట అరుదు కాదు. అందుచేతనే కాబోలు ఈ నాటకము పండితుల సభలకంటె పల్లెల పందిళ్లలో ఎక్కువగా ఆడెను. పుస్తకము లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయినదని ప్రసిద్ధి. అక్షరాస్యులు నూటికి పదిమంది కూడ లేని దినములలో ఒక తెలుగు పుస్తకమునకు ఇట్టి వ్యాప్తి కలుగుట సామాన్యము కాదు. కొన్నవారిలో చదువరులకంటె నటులును, నటులు కాగోరినవారును ఎక్కువ మంది యుందురు.

ఆ సమాజమున ఆడవేషములు వేసిన బాలురలో ఒంగోలు ప్రాంతమునుండి వచ్చిన బీదపిల్లవాడొకడుండెను. తండ్రి లేడు, తల్లి పూటకూలి యిల్లు నడిపి సాకినది. హనుమంతరావు నాయుడుగారు వానిని చేరదీసి చదివించిరి. చిలకమర్తివారి నాటకములలో ఆ బాలుడు ధరించిన పాత్రలను రాజమహేంద్రవరము వారు చాలకాలము చెప్పుకొనిరి. అతడే టంగుటూరి ప్రకాశము పంతులుగారు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైనవారు వారే.

నాటకములతో పేరు వచ్చెను గాని ధనము రాలేదు. ఆనాడు ధనము కొంచెమైనను వచ్చిన మార్గము నవల. న్యాపతి సుబ్బారావుగారు చింతామణి పత్రిక పక్షమున నవలల పోటీలు పెట్టి బహుమానము లిచ్చుచుండిరి. వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము వెలువడి పదునైదేండ్లయినను తెలుగున నవల ఇంకను పసిబిడ్డయే. 1894లో చిలకమర్తివారి రామచంద్రవిజయము ఆ పోటీలో బహుమానము పొందెను. 1896లో హేమలత పొందెను. ఆ పిమ్మట అహల్యాబాయి, కర్పూరమంజరి వచ్చెను. రాజపుత్రుల చరిత్రలు, రాణుల శౌర్యములు, కోటలు, ముట్టడులు, ఈ విషయములతో ఆయన వ్రాసిన కథలను చూచి జనులు ఆయనను ఆంధ్ర స్కాటు అనిరి. చూపు పోయిన పిమ్మట ఆంధ్ర మిల్టను అనిరి. ఆంగ్లేయుల పేరు తగిలించినగాని గౌరవము నిండదని తలచిన కాలమది. నిజమునకు ఆ చారిత్రక నవలలకు నేడు చదువరులు తక్కువ. వానిలో భాష అందమైనదే కాని మనుష్యులు దూరపువారు. చిత్తూరు దుర్గము ఆయన చూచినది కాదు. వీధిబడి చూచినది.

ఆయన రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో హిందూ లోయర్ సెకండరీ పాఠశాలను స్థాపించి కొన్నియేండ్లు తామే నడిపిరి. ముద్రాలయము పెట్టిరి. మనోరమ యను మాసపత్రికను, దేశమాత యను పత్రికను వెలువరించిరి. చందాదారులు చందా పంపరు, ముద్రణము ఆగరాదు, అప్పు తీరదు, ఇది ఆ తరపు పత్రికా సంపాదకులందరి కథయే. దాని నిచ్చట విస్తరింప నవసరము లేదు.

1907వ సంవత్సరము ఏప్రిల్ నెలలో వంగదేశమునుండి బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమునకు వచ్చిరి. వందేమాతరోద్యమపు వేడి అప్పుడే కోస్తాకు తగిలెను. విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు, ఇట్లు వారి యాత్ర సాగెను. వెంట తిరిగినవారు బందరు కృష్ణాపత్రిక వారైన ముట్నూరి కృష్ణారావుగారు. రాజమహేంద్రవరమున పాలుగారు ఇంగ్లీషున చేసిన ఉపన్యాసములను జనులకు తెలుగున వినిపించినవారు చిలకమర్తివారు. కాగితము చూచి చదువు అనువాదము కాదది. వక్త యొక్క మాట చెవిని పడినంతనే తన మాటగా మార్చి వేలమందికి చెప్పవలెను. చిన్ననాట తోడివారి పాఠములు విని నేర్చిన విద్య ఆ నాడక్కరకు వచ్చెను. సభ ముగియు సమయమున ఆయన ఆశువుగా ఒక పద్యము చెప్పిరి. భరతఖండమును పాడియావుగాను, ప్రజలను దూడలుగాను, దొరలను ఆ దూడల మూతులు బిగించి పాలు పితుకుకొను గొల్లవారుగాను చెప్పిన ఆ పద్యము ఎట్టిదో తెలుగు పాఠశాలలలో చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్క పద్యమున అర్థశాస్త్ర మంతయు ఇమిడెను. పాడి యెరిగిన ప్రతి రైతుకును అది వ్యాఖ్యానము లేకయే బోధపడెను.

ఆ సభల ప్రభావము పలు దారులు పట్టెను. రాజమహేంద్రవరమున వందేమాతరమన్నందులకు ట్రెయినింగు కళాశాలనుండి వెడలగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పిమ్మట ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు నాయకులైరి. బందరున జాతీయ విద్య కావలెనను పట్టుదల పెరిగి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. ఆ కళాశాలలో చదివిన పింగళి నాగేంద్రరావుగారి పేరు ఈ కథలో మరల వచ్చును.

1909లో చిలకమర్తివారు చేసిన పని వేరొకటి కలదు. దానిని గూర్చి ఆయన జీవితచరిత్రలు ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టుచుండును. రాజమహేంద్రవరమున పంచములని పిలువబడిన వారి పిల్లలకొరకు రామమోహన ధర్మపాఠశాల నెలకొల్పిరి. గాంధీమహాత్ముడు దేశమునకు తిరిగి వచ్చుటకు ఆరేండ్లు ముందు మాట ఇది. బ్రాహ్మణుడు, వయసు మీరిన బంధువులు గలవాడు, రేపు ఇంట పెండ్లియో తద్దినమో వచ్చిన పురోహితుని పిలువవలసినవాడు, అట్టివాడు ఈ పని చేసినచో ఏమి జరుగునో వీరేశలింగముగారి యనుభవము ఊరందరి కన్నుల యెదుటనే యుండెను. తెలిసియే చేసిరి. నాటకములకు చప్పట్లు కొట్టినవారు పాఠశాలకు చందా ఇయ్యరు. ఆ పాఠశాలను నడుపుటకు ఆయన పడిన పాట్లు ఆయన నవలలేవియు ఆయనకు పెట్టలేదు.

ఈ నేపథ్యమున గణపతి నవలను చూడవలెను. 1920 ప్రాంతమున వెలువడిన ఆ గ్రంథమును హాస్యమునకై చదువుదురు. పుట పుటకును నవ్వు వచ్చును. కాని ఆ నవ్వు ఎవరిపై అని ఆగి చూచిన చదువరికి కొంచెము గుండె కలుక్కుమనును.

కథ ఒక పేద బ్రాహ్మణ కుటుంబములోని మూడు తరములది. తాత పాపయ్య, తండ్రి గంగాధరుడు, కొడుకు గణపతి. ముగ్గురికిని చదువు లేదు, సంపద లేదు, ఉన్నదెల్ల కులగౌరవము. ఆ గౌరవముతో ఆకలి తీరదు. పుట్టుక, ఉపనయనము, పెండ్లి, చావు, ప్రతి సంస్కారమునకును వ్యయము కావలెను, బంధువులు కావలెను, చావునకైతే మోయువారు నలుగురు కావలెను. లేనివాని యింట ఈ సంస్కారములే సంకటములగును. ఈ సంకటములను చిలకమర్తివారు మహావీరుని చరిత్రమును వ్రాయు ధోరణిలో, ఉదాత్తమైన శైలిలో వర్ణించిరి. చెప్పునది కూటికి గతిలేని యింటి కథ, చెప్పు స్వరము చక్రవర్తి చరిత్రది. ఆ రెంటి నడుమ నున్న యెడమే హాస్యమునకు మూలము.

గణపతి పొట్టివాడు, తిండిపోతు, సోమరి. తండ్రి పోయిన పిల్లవానిని తల్లి పిచ్చమ్మ గారాబముగా పెంచినది. వాని అల్లరికి ఆమె కన్నీరు పెట్టుకొనునే గాని చేయెత్తలేదు. పెరిగి పెద్దవాడై ఏ విద్యయు రాని గణపతి తుదకు ఒక వృత్తి పట్టెను. ఏ విద్యయు రానివానికి ఆ దినములలో దొరకు వృత్తి యేదో చిలకమర్తివారికి బాగుగా తెలియును. వాడు వీధిబడి పంతులయ్యెను.

ఆ కాలపు వీధిబడిని నేటి పిల్లలు చూడలేదు గనుక కొంచెము చెప్పవలెను. పంతులుగారి యింటి అరుగే బడి. పలకలు తరువాత వచ్చినవి, ముందు ఇసుకలో వ్రేలితో దిద్దుటయే. ఓనమాలు, గుణింతములు, ఎక్కములు, పెద్దబాలశిక్ష, కొంచెము శతకము, ఇంతటితో చదువు ముగిసెడిది. జీతము నెలకు కొన్ని అణాలు, అదియు సరిగా రాదు. అందుచేత పంతులు పిల్లలవలన ధాన్యము, కూరలు, పిడకలు పుచ్చుకొనెడివాడు. అమావాస్యకు, పౌర్ణమికి బడికి ఆటవిడుపు. దసరాకు పిల్లలు విల్లమ్ములు పట్టి పంతులు వెంట ఇల్లిల్లు తిరిగి పాటలు పాడుదురు, గృహస్థులు అయ్యవారికి కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇత్తురు. తప్పు చేసినవానికి గుంజిళ్లు, గోడకుర్చీ, మరియు కఠినులైన పంతుళ్లుండినచో దూలమునకు వ్రేలాడదీయు కోదండము. దివిసీమలోను, గుడివాడ ప్రాంతమునను అరుగులమీది యిట్టి బడులలో అక్షరాభ్యాసము చేసిన తరములు ఉండెను.

గణపతి బడిలో పాఠముకంటె నిద్ర ఎక్కువ. పంతులు గుఱ్ఱుపెట్టుచుండగా పిల్లలు ఆయన యింటి పనులు చేయుదురు, లేదా ఆయన మీదనే తమ విద్యలు ప్రయోగింతురు. ఈ ఘట్టము చదివి నవ్వనివారుండరు. కాని దీనిని వ్రాసినవారు జీవితమంతయు బడిపంతులుగా బ్రతికినవారు, తమ చేతి సొమ్ము పెట్టి బడులు నడిపినవారు. చదువు రానివానిని గురువుగా కూర్చుండబెట్టిన ఊరే ఆయన అపహాస్యమునకు గురియైనది. గణపతి నేరము సోమరితనము. ఊరి నేరము అంతకంటె పెద్దది, చవకగా దొరకినచో పిల్లల చదువు ఎవరి చేతిలోనున్నను చాలుననుకొనుట.

గణపతి పెండ్లి ఘట్టము ఇంకొక రీతి. పిల్లనిచ్చువారు లేరు. కన్యాశుల్కమునకు ధనము లేదు. వాడును, వాని స్నేహితులును చేరి ఒక పసిపిల్లను మోసముతో తెచ్చి రాత్రివేళ దొంగపెండ్లి జరిపింతురు. మూడు ముళ్లు పడినవి గనుక ఇక విప్పుటకు ధర్మము లేదు. కథకుడు నవ్వించుచునే యుండును. చదువరి మాత్రము ఆ పిల్లను తలచుకొనును. ఇప్పటి పాఠకుడు దీనిని చదివి ఇది నవ్వుకొనదగిన విషయమా యని అడుగుట న్యాయమే. వీరేశలింగముగారు ఇదే విషయమున గద్దించి చెప్పుదురు, గురజాడవారు కన్యాశుల్కమున చురుకుగా పొడుతురు. చిలకమర్తివారి మార్గము వేరు. ఎవరిని తిట్టరు. ఉన్నది ఉన్నట్లు, గంభీరముగా, ఒక శుభకార్యమును వర్ణించినట్లే వర్ణింతురు. బుద్ధి కలవాడు సిగ్గుపడును, లేనివాడు నవ్వి ఊరకుండును. ఈ మెత్తదనము బలమో బలహీనతయో తేల్చుట కష్టము. 1929లో శారదా చట్టము వచ్చువరకును ఇట్టి పెండ్లిండ్లకు దేశమున గట్టి అడ్డు లేకుండెను. అటు పిమ్మటను పల్లెలలో చాలకాలము సాగెను.

హాస్యమునకై ఆయన వ్రాసినది గణపతి యొక్కటియే కాదు. ప్రహసనములు, వినోదములు అనేకములు కలవు. చిన్న చిన్న రంగములు, ఇద్దరు ముగ్గురు పాత్రలు, బడిపిల్లలు వార్షికోత్సవమునకు ఆడుకొనదగినవి. గొప్పలు చెప్పుకొనువారు, లోభులు, మూఢనమ్మకముల వారు, కొత్త నాగరకత నెత్తికెక్కినవారు, అందరును వానిలో కనబడుదురు. పాతదానిని పరిహసించిన కలము క్రొత్తదానిని వదలలేదు. సంస్కృతమున భాసుని నాటకములను కూడ ఆయన తెలిగించిరి. గోదావరి తీరమున కూర్చుండి ఒక వంక భాసుని, ఒక వంక గణపతిని మనస్సున నిలుపుకొనుట ఎట్లు సాధ్యమయ్యెనో గాని సాధ్యమయ్యెను.

కాలక్రమమున పగటి చూపును పోయెను. ఆయన చెప్పుచుండగా మరియొకరు వ్రాసికొనెడివారు. వ్రాసినది తిరిగి చదివించుకొని దిద్దించెడివారు. జీవితపు చివరి భాగమున స్వీయచరిత్రము నిట్లే చెప్పి వ్రాయించిరి. అరువదేండ్లనాటి ముచ్చట్లు, ఊళ్లు, మనుష్యుల పేర్లు, ఎవరేమి తినిరి, ఎవరేమి అనిరి, నాటకము నాటి రాత్రి ఏమి జరిగెను, అంతయు కన్నుల గట్టినట్లు ఆ గ్రంథమున నుండును. కన్నులు లేనివాడు చెప్పినదని ముందుగా తెలియకున్నచో పాఠకుడు ఊహింపజాలడు. తన మీద తాను వేసికొన్న పరిహాసములు అందు తక్కువ కావు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించిరి. 1946వ సంవత్సరము జూన్ 17వ తేదీన ఆయన స్వర్గస్థులైరి. స్వాతంత్ర్యము రావలసియున్నది ఇంకొక్క సంవత్సరమే. పాడియావు కట్టు విడుట ఆయన వినలేదు.

ఆయన పోయిన రెండేండ్లకు, 1948 డిసెంబరు 1వ తేదీన, విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. ఆ కేంద్రపు నాటకములు కృష్ణా, గోదావరి డెల్టాలలో ఎంత ప్రీతిగా వినబడెనో పెద్దలకు జ్ఞప్తి యుండును. పంచాయతీ కచేరీ ముందర రేడియో పెట్టిన ఊళ్లలో నాటకము వచ్చు రాత్రి చాపలు పరచుకొని కూర్చుండెడివారు. గణపతి నవల శ్రవ్యనాటకమై ఆ కేంద్రమునుండి ప్రసారమయ్యెను. గణపతి పాత్రను ధరించినవారు నండూరి సుబ్బారావుగారు. పుస్తకమునుండి రేడియోకు వచ్చునప్పుడు ఒక నష్టము కలిగి తీరును. గణపతి హాస్యము సగము కథకుని గంభీరమైన పలుకుబడిలో నున్నది. పాత్రలు మాటలాడుకొనునంతసేపు కథకుడు తప్పుకొనవలెను. ఆ లోటును సుబ్బారావుగారి కంఠము తీర్చెను. పొట్టితనము, తిండిపోతుతనము, బద్ధకము, వీనినన్నిటిని కంటికి చూపకుండ గొంతులోనే చూపిరి. గణపతి యనగానే చాలమంది చెవులలో నేటికిని మ్రోగునది ఆ గొంతే. అక్షరము రాని యిల్లాండ్రు, కళ్లు కనబడని వృద్ధులు కూడ చిలకమర్తివారి నవలను ఆ విధముగా చదివిరి. గ్రంథకర్త తానును చదువుకొన్న మార్గ మదియే గదా.

గయోపాఖ్యానము మరింత దూరము పోయెను. 1963 జనవరిలో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున శ్రీ కృష్ణార్జున యుద్ధము చలనచిత్రమై వచ్చెను. దానికి మూలము చిలకమర్తివారి నాటకమే. కృష్ణుడుగా నందమూరి తారకరామారావుగారు, అర్జునుడుగా అక్కినేని నాగేశ్వరరావుగారు. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది రామాపురము, రెండును గుడివాడ పరిసరముల పల్లెలే. నాగేశ్వరరావుగారు ఆ పల్లెల నాటకములలోనే ఆడవేషములు వేయుచు పైకి వచ్చినవారు. గయుడుగా ధూళిపాళ సీతారామశాస్త్రిగారు. మాటలు, పాటలు వ్రాసినవారు బందరు జాతీయ కళాశాలలో చదివిన పింగళి నాగేంద్రరావుగారు. సంగీతము కృష్ణాజిల్లావారే యైన పెండ్యాల నాగేశ్వరరావుగారిది. చిత్రము చూచినవారికి ఒక మార్పు తెలియును. నాటకమున గయుని ప్రాణభయమే ప్రధానము, చిత్రమున సుభద్రాకల్యాణపు సొగసు ముందుగా చాల భాగము ఆక్రమించెను. అయినను కృష్ణార్జునులు ఎదురుపడు ఘట్టము వచ్చునప్పటికి బలము నాటకమునదే. ఇద్దరు మంచివారి పంతము. ఒకే ప్రాంతపు నటులిద్దరు, ఇద్దరికిని అభిమానులు సమానము, ఎవరు గెలిచినను ఇంకొకరి పక్షము వారికి కోపము వచ్చును. గెలుపోటములు తేలకయే యుద్ధము నిలుచు కథను ఎన్నుకొనుటలో ఆ చిత్రమువారి లౌక్యము లేకపోలేదు.

చిలకమర్తివారి గ్రంథములు చాలభాగము పునర్ముద్రణములు పొందినవి, గ్రంథాలయములలో దొరకును. చారిత్రక నవలలతో ప్రారంభించినవారు విసుగు చెంది మానుటయు కలదు. అందుచేత గణపతితో మొదలుపెట్టుట మేలు. అది పూర్తియైనచో ప్రహసనములు, ఆ పిమ్మట స్వీయచరిత్రము. ఇంటిలో చదువలేని పెద్దవారున్నచో గణపతిని వారి యెదుట పైకి చదువవచ్చును, వీధిబడి ప్రకరణము వచ్చినపుడు వారికి తెలిసిన పంతుళ్ల పేర్లు వారే చెప్పుదురు.